రోజుకో సినిమా, సినిమాకో మార్కు

ప్రశ్న: అమ్మా, నమస్తే. నాకు 27 ఏళ్ళు. హనుమకొండలో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ జనవరి ఒకటిన ఒక పట్టు పట్టాను. ఏడాదంతా రోజుకో సినిమా, ఒకసారి చూసింది మళ్ళీ చూడకూడదు, ప్రతిదానికీ పదికి ఇన్ని అని మార్కు వేయాలి. అన్నీ ఎక్సెల్ షీటులో రాస్తున్నాను. మే 23 నాటికి 143 అయ్యాయి. మొదటి రెండు నెలలు పండగలా ఉండేది. ఇప్పుడు రాత్రి పదకొండు అవుతుంటే "ఇవాళ్టిది ఇంకా కాలేదే" అని గాభరా పుడుతోంది. నిడివి తక్కువున్నవి వెతుక్కుంటున్నాను. ఒకటిన్నర స్పీడులో పెట్టి చూసేస్తున్నాను. షీటు తిరగేస్తే 143లో 101 సినిమాలకు 6 గానీ 7 గానీ వేసి ఉన్నాయి. కొన్ని పేర్లు చూస్తే అసలు ఆ సినిమా చూసినట్టే గుర్తు లేదు.

పోయిన వారం 'మా భూమి' చూశాను. 4 వేసి, "స్లో, ప్రింట్ బాలేదు" అని రాసి, ఎప్పట్లాగే ఇంట్లోవాళ్ళ వాట్సప్ గ్రూపులో పెట్టాను. మా బాపు చూసి ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి సినిమా ముచ్చట ఎత్తితే లేచి వెళ్ళిపోతున్నడు. ఈ పట్టు వదిలేయాలా, పూర్తి చేయాలా? మార్కు సరిగ్గా వేసే పద్ధతి ఏమైనా ఉందా? బాపుతో ఏం మాట్లాడాలి?

— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు ప్రశ్నలు అడిగారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నది మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసేసిన మాట: "అసలు ఆ సినిమా చూసినట్టే గుర్తు లేదు." నేను చెప్పబోయేదంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒకటి చెప్పాలి. 143 రోజులు ఒక పనిని తప్పకుండా చేయడం చిన్న సంగతి కాదు. సినిమాకు సగటున రెండుంబావు గంటలు వేసుకున్నా 320 గంటలు దాటాయి. సినిమా అంటే ప్రేమ లేనివాళ్ళు ఇంత కాలం కూర్చోలేరు. "ఎందుకమ్మా ఈ పిచ్చి" అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను చెప్పను. నేనూ నలభై ఏళ్ళుగా చూసిన ప్రతి సినిమా గురించీ నోట్‌బుక్కులో రాసుకుంటున్నదాన్నే.

ఇక మార్కుల సంగతి. నేను ఇంటర్మీడియెట్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఏటా ఎండాకాలంలో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళేదాన్ని. రోజుకు ముప్ఫై పేపర్లు. దిద్దడం మొదలయ్యే ముందు అందరం కూర్చుని ఏ ప్రశ్నకు ఏం రాస్తే ఎన్ని మార్కులో అనుకునేవాళ్ళం. అయినా చేతి తీరు చేతిదే. బాగా రాసిన పేపరు ఒకటి దిద్దాక వచ్చే మామూలు పేపరుకు రెండు మార్కులు తగ్గిపోయేవి. నాలుగు చెత్త పేపర్ల తర్వాత వచ్చిన మామూలు పేపరుకు రెండు పెరిగేవి. భోజనం చేసొచ్చాక, ఆ ఉక్కలో, కన్ను అక్షరం మీద నిలిచేది కాదు. అప్పుడు ఏమయ్యేదో తెలుసా? చేయి మధ్యకు జారిపోయేది. ఎవరినీ ఫెయిల్ చేయకుండా, ఎవరికీ మరీ ఎక్కువ ఇవ్వకుండా, ఎవరూ ప్రశ్నించని ఒక అంకె పడిపోయేది. చీఫ్ ఎగ్జామినర్ గారు సాయంత్రం కట్టలోంచి కొన్ని పేపర్లు తీసి చూసి, "అమ్మా, మధ్యాహ్నం తర్వాత అన్నీ ఒకేలా ఉన్నాయే" అని ఒకరోజు మెల్లగా అన్నారు. ఆ మాటకు నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ పేపర్ల వెనక పిల్లలున్నారు. మర్నాడు ఆ కట్ట మళ్ళీ తెరిపించుకుని దిద్దాను.

మీ షీటులోని 101 సినిమాలు నాకు ఆ మధ్యాహ్నపు కట్టలా కనిపిస్తున్నాయి. ఆరు, ఏడు అనేవి సినిమా గురించిన తీర్పులు అనుకోకండి. అలసిన చేయి ఆగే చోటు అది. మన తెలుగు వెబ్‌సైట్ల రేటింగులు చూడండి. అమెరికా ప్రీమియర్లు పడ్డ కాసేపటికే, ఇక్కడ మార్నింగ్ షో మొదలవకముందే అంకె వచ్చేస్తుంది. ఐదుకి రెండున్నర, రెండు ముప్పావు, మూడు. పాతిక పైసల తేడాలో మొత్తం పరిశ్రమ ఊగుతుంది. పది మెట్లున్న నిచ్చెన ఇచ్చినా మనం మూడు మెట్ల మీదే ఎక్కి దిగుతుంటాం. జనమే సినిమాలకు మార్కులు వేసే సైట్లలో ఐఎండీబీ పదికి అడుగుతుంది. లెటర్‌బాక్స్‌డ్ అర స్టారు నుంచి ఐదు దాకా అడుగుతుంది, అంటే అదీ పది మెట్లే. తేడా ఏమీ లేదు.

ఇంకో సంగతి, ఇది మనస్తత్వ శాస్త్రం వాళ్ళు తేల్చింది. 1993లో డేనియల్ కానమన్, ఆయనతోటి వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేత చల్లటి నీళ్ళలో చేయి పెట్టించారు. ఒకసారి 60 సెకన్లు. ఇంకోసారి అదే 60 సెకన్లు, పైన మరో 30 సెకన్లు, కానీ ఆ చివరి 30 సెకన్లలో నీళ్ళ చలి కొంచెం తగ్గించారు. మళ్ళీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు. మొత్తం బాధ ఎక్కువైనా సరే, ముగింపు కాస్త మెత్తగా ఉంది గనుక. జరిగినంతా మన తలలో సమంగా నిలవదు. బలంగా తగిలిన క్షణం, చివరి క్షణం, ఈ రెండూ మిగతాదాన్ని మింగేస్తాయి. మన సినిమావాళ్ళు ఈ మాట ఏ ప్రయోగం లేకుండానే చెప్పుకున్నారు: "క్లైమాక్స్ నిలబెట్టింది", "సెకండాఫ్ ముంచేసింది." టైటిల్స్ పడుతుండగానే మార్కు వేస్తే మీరు ఆఖరి పావుగంటకు మార్కు వేస్తున్నారు. ముందు గడిచిన రెండు గంటల పని ఎవరూ దిద్దని పేపరులా పక్కన ఉండిపోతుంది.

మరి సరైన మార్కు అంటూ ఒకటి ఉందా? దీనికి 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ పత్రిక చేసే లెక్క చూడండి. 1952 నుంచి పదేళ్ళకోసారి ప్రపంచంలోని విమర్శకులను అడిగి గొప్ప సినిమాల జాబితా వేస్తారు. మొదటిసారి 'బైసికిల్ థీవ్స్' మొదటి స్థానంలో నిలిచింది. తర్వాత 1962 నుంచి 2002 దాకా ఐదుసార్లు 'సిటిజన్ కేన్'. 2012లో 'వర్టిగో' దాన్ని దించేసింది. ఆ 'వర్టిగో' 1958లో వచ్చిన సినిమా. 1962 జాబితాలో, 1972 జాబితాలో మొదటి పదిలో కూడా లేదు. 2022లో మొదటి స్థానం బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన 'జీన్ డీల్మాన్'కు దక్కింది. ఒక ఇల్లాలి మూడు రోజుల జీవితం, మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఆవిడ వంట చేస్తుంది, పక్క సర్దుతుంది, బంగాళాదుంపల తొక్క తీస్తుంది. అన్నీ ఆ పనికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూపిస్తుంది. ఒకటిన్నర స్పీడులో పెడితే అందులో చూడటానికి ఏమీ మిగలదు, ఎందుకంటే ఆ సినిమా చెప్పేదే కాలం ఎంత బరువుగా నడుస్తుందో. సినిమాలు మారలేదు. చూసేవాళ్ళు మారారు, కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళు వేరే సంగతులు పట్టించుకున్నారు.

ఆ పత్రిక పద్ధతిలో నాకు బాగా నచ్చిందొకటుంది. విమర్శకులను మార్కులు అడగరు. పది సినిమాల పేర్లు ఇమ్మంటారు, అంతే. ఆ పదిలో ఏది ముందు, ఏది వెనక అని కూడా అడగరు. మీరు నెలాఖరున అలా చేసి చూడండి. ముప్ఫైలో మూడు పేర్లు రాయండి, షీటు తెరవకుండా. గుర్తొచ్చినవి ఏవో అవే రాయండి. తర్వాత షీటు తెరిచి ఆ మూడింటికీ ఎన్ని మార్కులు వేశారో చూడండి. నేను చేసినప్పుడు నాకు పెద్ద దెబ్బ తగిలింది. బాగా మార్కులు వేసిన వాటిలో చాలావరకు నాకు గుర్తే రాలేదు.

రాజమండ్రిలో మాకు ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. నెలకోసారి ఒక హైస్కూలు హాల్లో పదహారు ఎమ్మెమ్ ప్రొజెక్టరు పెట్టేవారు. రీలు మార్చినప్పుడల్లా లైటు వేసేవారు, అప్పుడు అందరం ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు అక్కడ జపాన్ దర్శకుడు ఒజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' చూశాను. ఒనోమిచి అనే ఊళ్ళో ఉండే ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల దగ్గరికి వస్తారు. పిల్లలకు తీరిక లేదు. డబ్బులు వేసుకుని వాళ్ళను అటామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు. అక్కడ రాత్రంతా గోల, ముసలివాళ్ళకు నిద్ర పట్టదు, మర్నాడే తిరిగొస్తారు. వాళ్ళను మనసారా చూసుకున్నది యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే. ఇంటికి వెళ్ళాక ఆ తల్లి చనిపోతుంది. కథ ఇంతే. నేను నోట్‌బుక్కులో ఐదుకి రెండు వేశాను. కింద ఒక వాక్యం రాశాను: "ముసలాయన సినిమా పొడుగునా విసనకర్ర విసురుకుంటూనే ఉన్నాడు, హాల్లో మేమూ అట్టముక్కలతో విసురుకుంటూనే ఉన్నాం."

ముప్ఫై ఏళ్ళ తర్వాత మా వారూ నేనూ అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. పిల్లలిద్దరూ మంచివాళ్ళు. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు. సెలవు దొరక్క ఒక శనివారం మా ఇద్దరికీ టిక్కెట్లు కొని టూరు బస్సు ఎక్కించారు. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నాకు అటామి గుర్తొచ్చింది. తిరిగొచ్చాక ఆ సినిమా వెతికి పెట్టుకుని, మా వారు నిద్రపోయాక ఒక్కదాన్నే చూశాను. సముద్రం ఒడ్డున గోడ మీద ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న చోట ఆపేసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఊరికి వచ్చాక పాత నోట్‌బుక్కు తీశాను. ఆ 2 అంకె నాకు ఏమీ చెప్పలేదు. ఎందుకు వేశానో, ఏ మూడ్‌లో వేశానో ఏమీ తెలియలేదు. ఆ విసనకర్ర వాక్యం మాత్రం ఆ హాలునీ, ఆ ఉక్కనీ, నా పక్కన కూర్చున్న స్నేహితురాలి చేతిలో అట్టముక్కనీ మొత్తం తెచ్చి ఎదురుగా పెట్టింది. సినిమా నచ్చకపోయినా నేను చూశాను అనడానికి ఆ వాక్యం సాక్ష్యం. మీ షీటులో లేనిది అదే.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని ఇది. మార్కు గడికి ముందు ఇంకో గడి పెట్టండి. అందులో మీరు కళ్ళతో చూసిందో, చెవులతో విన్నదో ఒక్కటి రాయండి. "బాగుంది", "ల్యాగ్", "నటన సూపర్" అని రాయకండి, అవి ఏ సినిమాకైనా అతుకుతాయి. వస్తువో, చెయ్యో, చప్పుడో రాయండి. "తల్లి మాట్లాడుతూ కొంగు అంచు వేలికి చుట్టుకుంటుంది." "వర్షం సీనులో నీళ్ళ చప్పుడు లేదు." అలాంటిది ఒక్కటి దొరకలేదంటే ఆ రోజు సినిమా ముందు కూర్చున్నారు గానీ చూడలేదని అర్థం. అప్పుడు మార్కు వేయకండి, గడి ఖాళీగా వదిలేయండి.

పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను కట్టి నిలబెట్టిన పి.కె. నాయర్ గారు చీకటి హాల్లో చిన్న టార్చి వెలుగులో నోట్సు రాసుకునేవారు. ఏ రీల్లో ఏముందో అడిగితే చెప్పేవారు. చిన్నప్పుడు సినిమా టిక్కెట్టు ముక్కలు దాచుకున్న పిల్లవాడు ఆయన. సినిమా ఇంకా నడుస్తుండగానే, చీకట్లో, కాగితం కూడా సరిగ్గా కనబడకుండా రాయడం వల్ల ఆయన రాసినది చూసిన దానికి అంత దగ్గరగా ఉండేది. మీకు టార్చి అక్కర్లేదు. పక్కన చిన్న కాగితం, పెన్ను చాలు. ఫోనులో రాసుకోకండి, ఫోను తెరిస్తే అక్కడే ఉండిపోతారు.

మార్కు మాత్రం మర్నాడు పొద్దున వేయండి. టీ తాగుతూ, ఆ వాక్యం ఒకసారి చదివి. రాత్రి ఆఖరి సీను వేడి చల్లారి, మధ్యలోని సీన్లు తేలతాయి. ఏ సినిమాను దేనితో పోల్చాలో కూడా అప్పుడు తెలుస్తుంది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ జీవితమంతా నాలుగుకి ఇన్ని స్టార్లని వేస్తూ వచ్చాడు. స్టార్లు ఎప్పుడూ సాపేక్షమేనని ఆయనే రాశాడు. ఒక సూపర్‌హీరో సినిమాను ఇంకో సూపర్‌హీరో సినిమాతో కొలవాలి గానీ వేరే జాతి సినిమాతో కాదన్నది ఆయన పద్ధతి. మీ షీటులోనూ జంధ్యాల హాస్యాన్ని హాస్యం పక్కన, పౌరాణికాన్ని పౌరాణికం పక్కన పెట్టండి. 'మా భూమి'ని మీరు దేని పక్కన పెట్టి 4 వేశారో ఒకసారి ఆలోచించండి. ఆ ముందురోజు చూసింది ఏ సినిమా? దాని నడక కాళ్ళలో ఉండగా దీన్ని చూసి ఉంటారు.

వదిలేయాలా, పూర్తి చేయాలా అన్నారు. పూర్తి చేయండి, కానీ నియమాలు మార్చుకోండి. ఆ నియమాలు పెట్టింది మీరే, మార్చే హక్కూ మీదే. "ఒకసారి చూసింది మళ్ళీ చూడకూడదు" అన్నదాన్ని ఇవాళే కొట్టేయండి, మీ అవస్థలో సగం అక్కడే ఉంది. వారంలో ఒకరోజు చూసిన సినిమానే చూడండి, అదీ ఆ రోజు లెక్కలోకే వస్తుంది. మూడు గంటల 'మాయాబజార్'ను రెండు రాత్రులుగా చూసినా తప్పు లేదు. హాల్లో ఇంటర్వెల్ ఇచ్చేవారు, మీరు కాస్త పెద్ద ఇంటర్వెల్ ఇచ్చుకోండి. చూడలేకపోయిన సినిమాను మధ్యలో ఆపేసి, ఎక్కడ ఆపారో రాసుకోండి, అదీ ఆ రోజు లెక్కే. నిడివి తక్కువున్నవి చూడటం మోసం అనుకోకండి. 'బైసికిల్ థీవ్స్' 89 నిమిషాలు, జపాన్ దర్శకుడు కురొసావా 'రషోమాన్' 88 నిమిషాలు, వాటిలో ఒక్క క్షణం కూడా తక్కువ లేదు. నిద్రకు టైమైపోతున్న రాత్రి అలాంటివి చూడండి.

స్పీడు మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో మాటలే లేకుండా 'పుష్పక విమానం' తీశారు. అందులో నిరుద్యోగి కుర్రవాడు పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటాడు, నిద్ర రాదు. తన పాత గది పక్క సినిమా హాలు గోలకు అలవాటు పడ్డ చెవులు గనుక, ఆ చప్పుళ్ళు రికార్డు చేసుకుని తెచ్చి వింటూ నిద్రపోతాడు. ఒక్క మాట లేని ఆ సీనులో పేదరికం, అలవాటు, ఊరు అన్నీ చప్పుళ్ళలోనే ఉన్నాయి. చేతిలో ఇంకో స్క్రీను పెట్టుకుంటే ఆ సినిమా మీకు దొరకదు, కన్ను తిప్పితే కథ పోతుంది. వచ్చే వారం మొదట దాన్నే చూడండి. మళ్ళీ కూర్చోవడం నేర్పుతుంది.

సినిమాలను ఏరుకునే తీరు కూడా మార్చండి. రాత్రి పదింటికి ఓటీటీ తెరిచి కిందికి కిందికి లాగుతూ పోతే ముప్పావు గంట పోతుంది, మనసు అప్పటికే అలసిపోతుంది. వారం మొదట్లోనే ఒక దారం పట్టుకోండి. ఉదాహరణకు మార్కస్ బార్ట్లీ అనే ఒక్క ఛాయాగ్రాహకుణ్ణి పట్టుకుంటే 1951 'పాతాళ భైరవి', 1955 'మిస్సమ్మ', 1957 'మాయాబజార్', ఆ తర్వాత 1965 మలయాళ 'చెమ్మీన్'. ఘటోత్కచుడి ముందు లడ్డూలను కదిలించిన కన్నే, కేరళ సముద్రం మీద పొద్దు వాలడాన్ని రంగుల్లో చూపించింది. నాలుగు రోజులు నాలుగు సినిమాలు చూసినట్టు ఉండదు, ఒక మనిషి పనిని దగ్గరుండి చూసినట్టు ఉంటుంది. అలా చూసిన సినిమాలు ఒకదాన్నొకటి గుర్తు చేస్తాయి. విడివిడిగా మింగిన 143 సినిమాలకు ఒకదాని పేరు ఒకదానికి తెలియదు, అందుకే మీకు గుర్తుండటం లేదు.

ఇప్పుడు మీ బాపు.

మీరు "ప్రింట్ బాలేదు" అని రాశారు. మీరు చూసింది ఫోనులో ఎవరో ఎక్కించిన నకలు అయి ఉంటుంది. ఆ గీతలకు దర్శకుడు గౌతమ్ ఘోష్‌ను గానీ, నిర్మించిన బి. నర్సింగరావు గారిని గానీ తగ్గించడం న్యాయం కాదు. కృష్ణ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా, దొరల మీద తెలంగాణ రైతులు చేసిన సాయుధ పోరాటం గురించి, నలుపు తెలుపుల్లో, పెద్ద స్టార్లెవరూ లేకుండా తీసిన సినిమా అది. రామయ్య అనే పల్లెటూరి కుర్రవాడు ఊరు విడిచి హైదరాబాదు పోయి, అక్కడ కార్మిక సంఘం వాళ్ళ దగ్గర ఎదిరించడం నేర్చుకుని ఊరికి తిరిగొచ్చే కథ. అందులో సుద్దాల హనుమంతు రాసిన పసుల కాపరి పిల్లవాడి పాట ఉంది. గొంగడి భుజాన వేసుకుని, కర్ర చేతబట్టుకుని గద్దర్ స్వయంగా తెర మీదికొచ్చి పాడిన 'బండెనక బండి' ఉంది. ఆ పాట నడకే దాని బలం. అడుగు తర్వాత అడుగు, జనం ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నట్టు. దాన్ని ఒకటిన్నర స్పీడులో విన్నారని ఊహించుకుంటే నాకు కష్టంగా ఉంది. మీరు తెలియక చేశారు, అది నాకు తెలుసు.

ఈ సినిమా చెప్పే కథ మీకు దూరపు ఊళ్ళది కాదు. హనుమకొండ నుంచి హైదరాబాదు బస్సెక్కితే దారిలో జనగామ వస్తుంది. ఆ ప్రాంతంలోని కడవెండిలోనే 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. అక్కడికి దగ్గర్లోనే పాలకుర్తి, చాకలి ఐలమ్మ తన పంట కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన ఊరు. మీ బాపు వయసు మీరు రాయలేదు. 27 ఏళ్ళ కూతురున్న మనిషి గనుక, ఆ సినిమా ఊళ్ళలో ఆడే రోజులకు ఆయన పిల్లవాడో, మీసం రాని కుర్రవాడో అయి ఉంటాడు. ఎవరితో వెళ్ళాడో, నేల మీద కూర్చున్నాడో బెంచీ మీద కూర్చున్నాడో, ఇంటికొచ్చాక తాత ఏం చెప్పాడో, గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు) ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనుషులు ఆయనింట్లోనే ఉన్నారో ఏమో మీకు తెలియదు. నాకూ తెలియదు. ఆయన మౌనం చూస్తే ఏదో ఒకటి ఉందని మాత్రం అనిపిస్తోంది. మీరు ఆ అంకెను నలుగురి ముందు పెట్టారు. ఆయన నలుగురి ముందు జవాబు చెప్పలేదు. అందులో మీ మీద ఆయనకున్న మర్యాద నాకు కనిపిస్తోంది.

క్షమాపణ చెప్పడానికి వాట్సప్ వాడకండి. 4ను 9గా మార్చి గ్రూపులో పెట్టకండి, అది ఆయనను ఇంకా నొప్పిస్తుంది. కూతురు తన మాట మార్చుకోవాలని ఏ తండ్రీ కోరుకోడు. ఆయన ఒక్కడే ఉన్న సమయం చూసుకుని దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి: "బాపూ, నేను దాన్ని సక్కగ చూడలె. ఫోన్ల, స్పీడు పెట్టి చూసిన. నీతోని కూసొని మల్ల చూస్త." ఆయన ఆ రోజే ఒప్పుకోకపోవచ్చు. రెండు రోజులాగి మళ్ళీ అడగండి. చూసేటప్పుడు టీవీకి కలపండి, హాల్లో లైటు తీసేయండి, మీ ఫోను వేరే గదిలో పెట్టండి. మధ్యలో ఆయన ఏదైనా చెప్పబోతే సినిమా ఆపండి. ఆ ఒక్క రోజుకు ఆయన మాటలు సినిమా కన్నా ముఖ్యం. ఏమీ చెప్పకపోతే మీరూ అడక్కండి, పక్కన కూర్చోండి చాలు. అయిపోయాక ఒక్కటే అడగండి: "నువ్వు ముందుగాల దీన్ని ఎక్కడ చూసినవ్?"

అప్పటికీ మీకు ఆ సినిమా నిదానంగానే అనిపించవచ్చు. అనిపిస్తే ఆయనతో అనండి. ఏ చోట నిదానం అనిపించిందో చూపించి చెప్పండి, ఆయన వింటారు. రెండు రోజుల తర్వాత, అదే నర్సింగరావు గారు 1988లో తీసిన 'దాసి' ఇద్దరూ కలిసి చూడండి. గడీలో ఒక దాసి బతుకు అది. ఆ పాత్రకు అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 'మా భూమి'లో రామయ్య ఎదిరించిన గడీని ఈసారి లోపలి నుంచి, ఒక ఆడమనిషి కళ్ళతో చూస్తారు. అక్కడ మాట్లాడాల్సింది మీ వైపు నుంచి ఎక్కువ ఉండొచ్చు.

షీటులో 'మా భూమి' వరసను చెరిపేయకండి. ఆ 4 అలాగే ఉండనివ్వండి, అది ఆ రోజు మీరు చూసిన తీరు. దాని కిందే కొత్త వరస చేర్చండి. తేదీ వేయండి. మొదటి గడిలో మీరు చూసింది కాకుండా, బాపు చెప్పింది ఆయన మాటల్లోనే రాయండి. మార్కు గడి ఖాళీగా వదిలేయండి.